కెలింగ్, కోరంగీ, కూలీ: పాత రాతల్లో ఉన్న ఈ పేర్లు ఉంచాలా, తీసేయాలా?

పాతకాగితం
మలయా, బర్మా, మారిషస్ వలసల మీద పాత ఇంగ్లీషు రాతలు కొన్ని తెలుగులోకి తెస్తున్నాం. సంఘం సావనీరులో వేస్తారు, పెద్దలూ చదువుతారు, పిల్లలూ చదువుతారు. చిక్కంతా మనవాళ్ళకి బయటివాళ్ళు పెట్టిన పేర్ల దగ్గరే. మలయా కాగితాల్లో కెలింగ్ (క్లింగ్ అని కూడా రాశారు), రంగూన్ కాగితాల్లో కోరంగీ, అన్నిచోట్లా కూలీ. చిత్తుప్రతి చూసిన ఒకాయన "కెలింగ్ తీసెయ్యండి, అది తిట్టు" అన్నారు. ఇంకొకాయన "కెలింగ్ అంటే కళింగ, మన రాజ్యం పేరు, దర్జాగా ఉంచండి" అన్నారు. ఇద్దరూ పట్టు వదలడం లేదు. అసలు ఒక జాతి పేరు తిట్టు ఎలా అవుతుంది? అయిందని ఎలా తేల్చుకోవాలి? అనువాదంలో ఏం చేస్తే సరి?

గోదారి_గట్టు
రెండో ఆయన చెప్పిందే సబబండి. కళింగ నుంచి కెలింగ్, కోరంగి రేవు నుంచి కోరంగీ. ఒకటి రాజ్యం, ఇంకోటి మా కాకినాడ పక్క ఊరు. ఊరి పేరులో తిట్టేముందండి? ఎవరో ముఖం చిట్లించారని మన చరిత్ర మనమే చెరుపుకోవాలా?

ఇపో_తెలుగు
గోదారి గట్టు గారూ, పుట్టుక మంచిదే, కాదనను. పాత మలయ్ గ్రంథాల్లో "బెనువా కెలింగ్" అంటే మన తూర్పు తీరపు దేశం, అంతే. మలక్కా సుల్తానుల కాలంలో కెలింగ్ అంటే ఓడలున్న వర్తకుడు. పెనాంగ్‌లో కాపితాన్ కెలింగ్ మసీదు, మలక్కాలో 1748 నాటి కంపుంగ్ క్లింగ్ మసీదు ఈనాటికీ ఆ పేర్లతోనే ఉన్నాయి.

తర్వాత ఆ పేరు కింద దిగినవాళ్ళు వేరు. సంకెళ్ళతో తెచ్చిన ఖైదీలు, వాళ్ళ వెనక చెరకు తోటలకీ రబ్బరు తోటలకీ తెచ్చిన కూలిజనం. వర్తకుణ్ణి పిలిచిన పేరుతోనే తోట దొర, కంగాణీ (కూలీలను తెచ్చి పని చేయించే మేస్త్రీ) వీళ్ళని కేకేశారు. రెండు తరాలు ఆ కేక వింటే ఆ పేరుకి కళింగ వాసన ఎక్కడ మిగులుతుంది? సింగపూర్‌లో క్లింగ్ స్ట్రీట్ పేరు అక్కడి భారతీయుల అభ్యంతరం మీద 1921లో చూలియా స్ట్రీట్‌గా మార్చారు. అంటే నూరేళ్ళ కిందటికే అది తిట్టని అధికారులకీ తెలుసు.

ఇంకో సంగతి. ఖైదీల కాళ్ళ గొలుసులు "క్లింగ్ క్లింగ్" మన్నాయి కాబట్టి ఆ పేరొచ్చిందని ఇక్కడ మలేషియాలో చాలామంది నమ్ముతారు. చరిత్ర ప్రకారం అది తప్పు. కానీ అలాంటి కథ పుట్టిందంటేనే ఆ మాట వినేవాళ్ళకి ఎలా తగిలేదో తెలుస్తుంది.

బాపట్ల_లైను
"ఊరి పేరులో తిట్టేముంది" అన్నారుగా. స్టూవర్టుపురం చూడండి. 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు, 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. 1913లో ఎరుకల కుటుంబాలను ఒకచోట చేర్చి, మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టూవర్టు పేరు పెట్టి, సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ ఉండాలి. చట్టం 1952లో రద్దయింది. ఊరి పేరు మాత్రం వార్తల శీర్షికల్లో, సినిమా డైలాగుల్లో దొంగకి మారుపేరుగా మిగిలిపోయింది. పుట్టుకకి వస్తే అది ఒక ఇంగ్లీషు దొర ఇంటిపేరు. పుట్టుక ఏమన్నా కాపాడిందా?

గోదారి_గట్టు
అది చట్టం చేసిన పాపం. మాట చేసింది కాదు కదండి.

బాపట్ల_లైను
మాట ఒక్కటే ఏ పాపమూ చేయదు గోదారి గారూ. దాని వెనక హాజరు పట్టీయో, కంగాణీ కర్రో, పోలీసు రికార్డో ఉంటుంది. పట్టీ పోయాక కూడా పేరు ఆ పని చేస్తూ ఉంటుంది. అందుకే అభ్యంతరం.

నిఘంటు_పురుగు
పాతకాగితం గారి రెండో ప్రశ్న, "అయిందని ఎలా తేల్చుకోవాలి", దాని గురించి చెప్తాను. వ్యుత్పత్తితో తేలదు. వాడుకలో ఆ మాట ఏ మెట్టు మీద ఉందో చూడాలి.

మొదటి మెట్టులో అది ఉత్త పేరు. ఫలానావాళ్ళు వచ్చారు, ఫలానావాళ్ళ వీధి, అంతే. రెండో మెట్టులో ఇంకో మాటకి అతుక్కుంటుంది: ఫలానా బుద్ధి, ఫలానా గోల, ఫలానా వేషాలు. మలుపు ఇక్కడే. ఇక అది మనుషుల్ని చెప్పడం మానేసి ఒక గుణాన్ని చెప్తుంది. మూడో మెట్టులో, ఆ జాతితో ఏ సంబంధమూ లేనివాణ్ణి కూడా ఆ పేరుతో తిట్టొచ్చు. అక్కడికి చేరిన మాట మళ్ళీ మొదటి మెట్టుకి రావడం చాలా అరుదు.

పింజారి అన్న మాట తీసుకోండి. దూది ఏకే వృత్తివాళ్ళ పేరు. బీసీ-బి జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్ బాషా అని ఒకే పద్దులో ఉంటాయి. "పింజారీ వేషాలు వేయకు" అనేవాడికి దూదీ గుర్తు రాదు, ఆ మనుషులూ గుర్తు రారు. కానీ వినే నూర్ బాషా పిల్లకి గుర్తొస్తుంది. ఇది మూడో మెట్టు. చండాలం అన్న మాట ఇంకా ముందుకి పోయింది. "కూర చండాలంగా ఉంది" అంటాం, అందులో మనిషన్నవాడే లేడు. కానీ బెంగాల్‌లో ఆ పేరు మోసిన జనం దాన్ని వదిలించుకోవడానికి దశాబ్దాల తరబడి అర్జీలు పెట్టుకున్నారు. 1911 జనాభా లెక్కల్లో నామశూద్ర అన్న పేరు సాధించుకున్నారు.

కెలింగ్‌కీ రెండో మెట్టు దాఖలా ఉంది. మలయ్‌లో "మునిగిపోయే కెలింగుల్లా గోల" అని సామెత. సామెతలోకి ఎక్కిందంటే ఆ మాటకి గుణం అంటుకున్నట్టే.

సైదాపేట_శ్రీను
ఆ సామెత వింటే మన "అరవ గోల" గుర్తొచ్చింది. అచ్చు అదే. ఇక్కడ చెన్నైలో మనల్ని "గొల్టి" అంటే మండిపోతుంది, ఇంటికొచ్చి మనమే "అరవోడు" అంటాం.

మాటకి_మాట
అరవం తిట్టెలా అవుతుంది శ్రీనూ? తమిళానికి పాత తెలుగు పేరే అది. బ్రౌన్ దొర 1852 నిఘంటువులో కూడా ఉంది. తాతలు "అరవ దేశం" అంటే ఎవరికీ కోపం రాలేదే.

నిఘంటు_పురుగు
తాతలు అన్నప్పుడు మొదటి మెట్టు. ఇప్పుడు "అరవ చాకిరీ", "అరవ గోల" అంటున్నాం కదా, రెండో మెట్టు ఎక్కేసింది. "అరుపు" నుంచి వచ్చిందని ఒక కట్టుకథ కూడా తిరుగుతోంది. ఇపో గారు చెప్పిన గొలుసుల కథకి ఇది తోబుట్టువు. తురక అన్న మాటదీ ఇదే దారి. పాత శాసనాల్లో తురుష్కులంటే ఒక జాతి పేరు, మతం పేరు కాదు. తర్వాత మతానికి పేరయింది. ఊళ్ళలో ఉర్దూని "తురకం" అనేవాళ్ళు ఏ చెడ్డ ఉద్దేశమూ లేకుండానే. ఇవాళ ఎదురుగా ఉన్న మనిషిని ఆ మాట అంటే అవమానమే.

రాత్రి_డెస్కు
తెలుగులో సగం విషం ప్రత్యయంలో ఉంటుంది, దీన్ని ఎవరూ ప్రస్తావించలేదు. ఇంగ్లీషు మాట మొత్తంగా మంచిదో చెడ్డదో అవుతుంది. మనకి అదే పేరుకి -ఓడు, -ది, -గాడు తగిలిస్తే ఒకటి, -వాళ్ళు, -వారు తగిలిస్తే ఇంకొకటి. "తమిళోడు" అని రాస్తే మాట మార్చినా తిట్టు మారలేదు. కాబట్టి దిద్దేటప్పుడు పేరొక్కటే చూస్తే చాలదు. తోక చూడాలి, ఆ వాక్యం చివరి క్రియ చూడాలి. అదే పేరాలో దొర "వచ్చారు", కూలీ "వచ్చాడు" అని ఉంటే మూలంలో లేని అవమానం అనువాదకుడే కలిపినట్టు. ఇంగ్లీషు క్రియలో ఆ తేడా లేదు కదా. పాతకాగితం గారూ, మీ చిత్తులో ముందు ఇది వెతకండి.

పాతకాగితం
చూశాను. నిజమే, చాలాచోట్ల అలాగే ఉంది. దొరలందరికీ బహువచనం పడింది. దిద్దుతున్నాం.

తాండా_మాట
రాత్రి డెస్కు అన్న చెప్పింది మా దిక్కు మస్తు కనిపిస్తది. మా పేరే చూడుండ్రి. ఎస్టీ జాబితాల సుగాలి, లంబాడి, బంజారా అని మూడూ ఉంటయి. మమ్మల్ని మేము గోర్ అనుకుంటం. బయటికి లంబాడి అని చెప్పుకునుడుల తప్పేం లేదు. 1997ల పెట్టిన సంఘం పేరే లంబాడీ హక్కుల పోరాట సమితి. కానీ "లంబాడోడు", "లంబాడిదాని లెక్క తయారైనవ్" అంటె అది తిట్టే. సంఘం బ్యానర్ మీద ఉన్న మాటే, బస్సుల ఎవడో అంటె రక్తం ఉడుకుతది. గందుకే జాబితాల ఉన్నది గదా అని ఎక్కడ పడితె అక్కడ వాడొద్దు.

మాటకి_మాట
ఇదే నాకు అర్థంకాని సంగతి. వాళ్ళంటే మంచిది, మేమంటే చెడ్డది. ఇవాళ ఒక పేరు బాగుందంటారు, ఇరవై ఏళ్ళకి అదీ తప్పంటారు. హరిజన అన్నారు, వద్దన్నారు. దళిత అన్నారు, ఇప్పుడు దాన్నీ వద్దంటున్నారు. ఈ లెక్కన ఎన్ని పేర్లు మార్చాలి?

తాండా_మాట
నీ ఇంట్ల నీ అమ్మ పిలిచే ముద్దుపేరుతోని ఆఫీసుల నీ కింది ఉద్యోగి పిలిస్తె ఊకుంటవా అన్నా? మాట ఒకటే, పిలిచేటోడు వేరు. గంతే.

కోర్టు_మెట్లు
మాటకి మాట గారు హరిజన సంగతి ఎత్తారు కాబట్టి వరస చెప్తాను. ఇది "ఇవాళ ఒకటి, రేపు ఒకటి" అన్నట్టు జరగలేదు.

గాంధీ 1930ల మొదట్లో ఆ పేరు ప్రచారంలోకి తెచ్చారు, 1933లో అదే పేరుతో పత్రిక పెట్టారు. అంబేడ్కర్ అప్పుడే ఒప్పుకోలేదు. 1938లో బొంబాయి శాసనసభలో ఆ పేరును చట్టంలో పెట్టబోతే ఆయన పార్టీ సభ్యులు సభ విడిచి వెళ్ళిపోయారు. కేంద్రం 1982లో కుల ధ్రువపత్రాల్లో ఆ మాట రాయొద్దని రాష్ట్రాలకు చెప్పింది. 2017లో సుప్రీంకోర్టు హరిజన్, ధోబీ లాంటి మాటలు ఇవాళ కులాన్ని సూచించడానికి కాక దూషణకే వాడుతున్నారని అన్నది. అంటే అభ్యంతరం పేరుతోపాటే పుట్టింది. వినడానికి మనకి ఎనభై ఏళ్ళు పట్టింది.

దళిత అన్నది కిందినుంచి వచ్చిన పేరు. మరాఠీ నేల మీద 1972లో దళిత్ పాంథర్స్, మన దగ్గర 1985 కారంచేడు తర్వాత దళిత మహాసభ. 2018లో కేంద్ర సమాచార శాఖ ప్రసార మాధ్యమాలకు షెడ్యూల్డ్ కులం అని వాడమని సూచన ఇచ్చింది. దాన్ని వ్యతిరేకించిన వాళ్ళలో దళితులే ఎక్కువ. రెండు సందర్భాలనూ ఒకే గాటన కట్టకండి.

మాటకి_మాట
వరస తెలిసింది. కానీ పేరు మార్చగానే పరిస్థితి మారదుగా. కొత్త పేరుకీ పాత మురికే అంటుకుంటుంది. అది మాత్రం ఒప్పుకోండి.

నిఘంటు_పురుగు
ఒప్పుకుంటాను. అవతలి మనిషిని చూసే చూపు మారకపోతే మంచి మాట కూడా కొన్నాళ్ళకి మాసిపోతుంది. పంచమ అన్న మాట అలాగే అయింది. అందుకే 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పెట్టిన పంచమ మహాసభ తన పేరునే ఆది ఆంధ్ర మహాసభగా మార్చుకుంది. మేం ఐదోవాళ్ళం కాదు, ఈ నేల మీద మొదటివాళ్ళం అని వాదం. ఆ ఆది ఆంధ్ర ఇప్పటికీ ఎస్సీ జాబితాలో ఉంది, తిట్టు కాలేదు. వందేళ్ళు నిలబడింది.

ఎదురు దారి కూడా ఉంది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం కొత్త పేరు వెతుక్కోలేదు. ఉన్న పేరునే ఇంటిపేరులా వెనక తగిలించుకుంది. మాదిగ అని సంతకం పెట్టేవాణ్ణి ఆ మాటతో చిన్నబుచ్చడం కష్టం. కానీ దాన్నిబట్టి బయటివాళ్ళకి ఆ మాట ఎలాగైనా వాడుకునే చొరవ వచ్చినట్టు కాదు. తాండా మాట గారు అన్నది ఇదే.

గోదారి_గట్టు
మరి కోరంగీ సంగతండి? దాని మీద ఎవరూ చెప్పలేదు. మా ఊరి పేరు కాబట్టి అడుగుతున్నాను.

రంగూన్_రేవు
కోరంగి నుంచి, తర్వాత కాకినాడ, విశాఖ రేవుల నుంచి ఓడెక్కి వచ్చిన తెలుగువాళ్ళందరికీ బర్మాలో అదే పేరు. శ్రీకాకుళం మనిషైనా కోరంగీయే. రాతలో పది రకాలుగా కనిపిస్తుంది: కోరింగీ, కోరంఘీ, కోరింగ. సూచికలో అన్నిటినీ ఒక్కచోట కలపండి.

ఆ పేరు కిందికి దిగింది రేవు పని వల్లే. మూటలు మోయడం, రిక్షా లాగడం, దొడ్లు ఊడ్చడం మనవాళ్ళ వంతు. పేరు పనికి అతుక్కుపోయింది. "కోరంగీ" అంటే తెలుగువాడా, మూటలవాడా అన్న తేడా పోయింది. 1930 మే నెలలో రేవు తెలుగు కూలీలు సమ్మె కట్టారు. కంపెనీలు బర్మావాళ్ళను పనిలోకి తీసుకున్నాయి. సమ్మె తేలగానే వాళ్ళను పొమ్మని మనవాళ్ళను తిరిగి పిలిచాయి. అక్కడ గొడవ అంటుకుని ఊరంతా పాకింది, చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళు. ఆ గొడవల మీది నివేదికలు అనువదించేటప్పుడు కోరంగీ తీసేసి "తెలుగు కార్మికులు" అని రాస్తే చదివేవాడికి అసలు సంగతి అందదు. దాడి చేసినవాళ్ళు ఏ పేరుతో కేకలేశారో అది చరిత్రలో భాగం.

గోదారి_గట్టు
అంటే ఉంచాలనే కదండి మీరూ అంటున్నది.

రంగూన్_రేవు
ఉద్ధరణలో ఉంచాలి. మీ సొంత కథనంలో తెలుగువాళ్ళు అనే రాయాలి. రెండూ వేరు.

బర్మాలో "కలా" అని ఇంకో మాట ఉంది. భారతీయులకీ, పడమటి నుంచి వచ్చిన విదేశీయులకీ పాతకాలం నుంచి వాడుక. మాట ఎంత మామూలుదంటే కుర్చీకి "కలా థాయింగ్", శనగలకి "కలా పే" అంటారు. ఇప్పుడది ముస్లింల మీద, భారత సంతతి మీద ద్వేషానికి వాడే మాటయింది. 2017లో ఫేస్‌బుక్ ఆ మాట ఉన్న పోస్టులు తీసేయడం మొదలెడితే కుర్చీ గురించీ శనగల గురించీ రాసినవీ ఎగిరిపోయాయి. ఆ మాట ద్వేషంగా ఎలా వాడుతున్నారో వివరించిన పోస్టులు కూడా పోయాయి.

రాత్రి_డెస్కు
మాట జాబితా పెట్టుకుని యంత్రంతో తీసేయిస్తే ఎక్కడైనా ఇదే గతి. తెలుగులో ఇంకా ఘోరం. "అరవ" బదులు "తమిళ" అని ఒక్క దెబ్బతో మార్పించారనుకోండి, "అరవై" కాస్తా "తమిళై" అవుతుంది. "మాల" వెతికితే పూలమాలా వస్తుంది, హిమాలయాలూ వస్తాయి. "కోయ" అంటే కోయడం, "కూలి" అంటే కూలిపోయిన గోడ. పైగా మనకి విభక్తులు మాటకే అతుక్కుంటాయి కాబట్టి పూర్తి పదం సరిపోవాలని షరతు పెడితే "అరవవాళ్ళు", "అరవంలో" జారిపోతాయి.

చేయాల్సింది ఇది. మార్చకుండా వెతకండి, అంతే. దొరికిన ప్రతి చోటునీ ముందూ వెనకా నాలుగైదు మాటలతో ఒక పట్టికలో పెట్టండి. ఐదు గడులు చాలు: పేజీ, మూలంలో స్పెల్లింగు, అంటున్నది ఎవరు, ఎవరిని, ఏం చేశాం. మూడో గడి నింపితే సగం తగువులు తేలిపోతాయి. అన్నది దొర అయితే ఉద్ధరణ గుర్తుల్లో యథాతథం. అన్నది మీ అనువాదకుడే అయితే మార్చండి. చుక్కలు పెట్టి దాచొద్దు. చుక్కల వెనక ఏముందో చదివేవాడు ఇంకా ఘోరంగా ఊహిస్తాడు, రేపు వెతుక్కునేవాడికి దొరకదు కూడా.

ఇపో_తెలుగు
చుక్కల విషయంలో మీతో ఏకీభవించను రాత్రి డెస్కు గారూ. పరిశోధన పుస్తకానికి మీరన్నది సరి. ఇది సావనీరు, పదేళ్ళ పిల్ల చేతికి వస్తుంది. బళ్ళో ఆ మాటతో ఏడిపించబడుతున్న పిల్ల మన సొంత సంఘం పుస్తకంలో పేజీకి నాలుగుసార్లు అదే చూస్తే ఎలా ఉంటుంది?

రాత్రి_డెస్కు
పేజీకి నాలుగుసార్లు అవసరం లేదు, అది ఒప్పుకుంటాను. మొదటిసారి వచ్చినచోట పూర్తిగా రాసి, ఆ పేరు చరిత్ర రెండు వాక్యాల్లో అక్కడే చెప్పి, ఆ తర్వాత ఉద్ధరణలను కుదించి వాడండి. శీర్షికల్లో, ఫొటోల కింద, ముందు పేజీలో అసలు వద్దు. పుస్తకం తిరగేసేవాళ్ళు చదివేవి అవే.

ఇపో_తెలుగు
ఇది సరే.

పోర్టులూయీ
మారిషస్ వైపు నుంచి రెండు మాటలు. ఇక్కడా తెలుగువాళ్ళని కోరంగీ అనేవాళ్ళు, 1843లో వచ్చిన ఓడ పేరు కూడా కోరింగా ప్యాకెట్. ఇప్పుడు తెలుగు అనే పేరే వాడుక, పాతది ఎత్తిపొడుపుగా మిగిలింది. "మల్బార్" అన్న మాట చూడండి. పక్కనున్న రియూనియన్ దీవిలో తమిళ, తెలుగు మూలాల హిందువులు తమని తాము మల్బార్ అనే చెప్పుకుంటారు, ఏ ఇబ్బందీ లేదు. ఇక్కడ మారిషస్‌లో అదే మాట హిందువులని తక్కువ చేసి అనే మాట. రెండు దీవుల మధ్య ఓ రెండు వందల కిలోమీటర్లు. ఒక దేశంలో సరిపోయిందని ఇంకో దేశపు సావనీరులో పెట్టకండి.

కూలీ ఘాట్ అని పిలిచిన రేవుమెట్లు ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్. 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. 1834 నుంచి దాదాపు ఐదు లక్షల మంది దిగిన మెట్లవి.

సైదాపేట_శ్రీను
కూలీ మాత్రం నాకు తిట్టుగా అనిపించదు. మనకి వ్యవసాయ కూలీ సంఘాలే ఉన్నాయి కదా.

నిఘంటు_పురుగు
మనకి కూలీ అంటే చేసే పని. దక్షిణాఫ్రికా డర్బన్‌లో అది జాతి పేరయింది, అక్కడే తేడా. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ దిగినప్పటి నుంచి అక్కడ ప్రభుత్వ కాగితాల్లో అదే మాట. అధికారి హోదా పేరే కూలీ ఏజెంటు. 1872 విచారణ సంఘం తర్వాత గాని దాన్ని భారతీయ వలసదారుల సంరక్షకుడు అని మార్చలేదు. దుకాణం పెట్టుకున్నవాడూ కూలీయే, బడిపంతులూ కూలీయే, గాంధీ కూలీ బారిస్టరు. సంచి మోయనివాణ్ణి కూలీ అన్నారంటే ఆ మాట పనిని వదిలేసి ఒంటిరంగుని పట్టుకున్నట్టే.

అనువాదానికి ఇదే గీటురాయి. మూలంలో ఆ మనిషి నిజంగా దినకూలీకి పనిచేస్తుంటే తెలుగులో "కూలీ" అని మామూలుగా రాయండి. పని ఏదైనా భారతీయుణ్ణి అలా అన్నచోట ఉద్ధరణ గుర్తులు పెట్టి ఉంచండి. "కూలీ దుకాణం", "కూలీ వీధి" లాంటివి రెండో రకం. వాటిని "కూలీల దుకాణం" అని తెనిగిస్తే అర్థమే మారిపోతుంది.

పాతకాగితం
ఇది చాలా ఉపయోగపడింది. మా దగ్గర రెండో రకం అంతా "కూలీల" అనే పడింది. కోర్టు మెట్లు గారూ, ఇలా ఉద్ధరణలో ఉంచితే కేసు భయం ఉందా? కుల పేర్లు కూడా కొన్ని వస్తున్నాయి, ఓడ పట్టీల్లో ప్రతి మనిషి పక్కనా కులం రాశారు.

కోర్టు_మెట్లు
ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లోది, 2015లో సవరించారు. ఇప్పుడు చూడాల్సినవి 3(1)(ఆర్), 3(1)(ఎస్). మొదటిది, నలుగురి కంట పడేచోట అవమానించే ఉద్దేశంతో కించపరచడం. రెండోది, అలాంటి చోట కులం పేరుతో దూషించడం. ఓడ పట్టీలో ఉన్న కులం పేరును పట్టీగా అచ్చువేయడం దూషణ కాదు. అదే పేరును మీ వ్యాఖ్యలో ఎగతాళిగా వాడితే తంటా.

2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది ఈ చర్చలో మొదటి ప్రశ్నకి కూడా జవాబు. చమార్ అన్నది కులం పేరే కదా, తిట్టెలా అవుతుందని వాదించారు. వ్యుత్పత్తి అర్థం చూడం, ఇవాళ జనం దాన్ని ఏ అర్థంలో వాడుతున్నారో అదే చూస్తాం అని కోర్టు అన్నది. నలుగురి కంట పడేచోటుకీ బహిరంగ స్థలానికీ తేడా కూడా ఆ తీర్పులోనే ఉంది. సొంత స్థలమైనా బయటి జనం చూసేలా, వినేలా ఉంటే చాలు.

బీసీ కులాలకూ, మతాల పేర్లకూ ఈ చట్టం వర్తించదు. అక్కడ భారతీయ న్యాయ సంహిత 196, 352 సెక్షన్లు చూడాలి.

గోదారి_గట్టు
కోర్టే వ్యుత్పత్తి చూడనంటే ఇక నేనేం అంటానండి. కెలింగ్ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కాని కోరంగి ఊరికి ఏం చేస్తారు? ఆ ఊరివాళ్ళు కోరంగివాళ్ళే కదా. వాళ్ళు ఆ పేరు దాచుకోవాలా?

రంగూన్_రేవు
అక్కర్లేదు. ఊరిపేరు హ్రస్వంతో "కోరంగి", బర్మావాళ్ళు పెట్టిన పేరు దీర్ఘంతో "కోరంగీ" అని పుస్తకమంతా ఒకే పద్ధతి పాటించండి. మొదటిసారి వచ్చినచోట ఆ తేడా చెప్పండి. సూచికలో కూడా రెండు వేరు పద్దులు.

తాండా_మాట
ఓడ పట్టీల కులం పేర్ల మీద ఒక మాట. గవి రాసింది మద్రాసు డిపోల గుమాస్తా. మనిషి చెప్పింది ఒకటి, ఆయనకు ఇనబడ్డది ఒకటి. కొన్ని చోట్ల కులం గడిల "తెలుగు", "జెంటూ" (తెలుగువాళ్ళకు దొరలు వాడిన పాత పేరు), "మలబార్" అని కూడ రాసిన్రు. గా గడిని తెలుగు చేసేటప్పుడు ఇప్పటి జాబితా పేర్లతోని సరిచేయొద్దు. ఉన్నది ఉన్నట్టు లిప్యంతరం చేయుండ్రి. "ఇది గుమాస్తా రాత" అని పట్టిక పైన ఒక వాక్యం పెట్టుండ్రి. లేకుంటె మా ముత్తాతకు గీ కులం అంటగట్టిన్రని రేపు మనుమలు వచ్చి అడుగుతరు.

పాతకాగితం
పెడతాం. ఇంకొక్కటే మిగిలింది. మూల పుస్తకంలో ఫొటోల కింద ఇంగ్లీషులో అచ్చైన వ్యాఖ్యల్లోనే ఆ మాటలు ఉన్నాయి. బొమ్మలో భాగంగా చెక్కి ఉన్నాయి, చెరపలేం. వాటినేం చేయాలి?

రాత్రి_డెస్కు
వ్యాఖ్య భాగం కత్తిరించి బొమ్మ మాత్రం వేయండి. కింద మీ సొంత తెలుగు వ్యాఖ్య: చోటు, ఏడాది, చేస్తున్న పని. మూల వ్యాఖ్యను పుస్తకం చివర బొమ్మల జాబితాలో, ఉద్ధరణ గుర్తుల్లో, యథాతథంగా ఇవ్వండి. మనుషుల పేర్లు ఎక్కడైనా దొరికితే వ్యాఖ్య పేరుతోనే మొదలుపెట్టండి. ఓడ పట్టీల్లో నంబరు, ఊరు, తండ్రి పేరు ఉంటాయి కాబట్టి కొన్ని దొరకవచ్చు.

ఇపో_తెలుగు
తోటల హాజరు పుస్తకాల్లో కూడా చూడండి. తెలుగు పేర్లు తమిళ గుమాస్తా రాశాడు కాబట్టి అప్పలసామి అప్పళస్వామీ అయి ఉంటాడు, గ, క తారుమారై ఉంటాయి. రెండు రకాలుగానూ వెతకండి.